అందుకొనే కణానిదే నిర్ణయం

ఎసిటైల్‌కోలిన్ అనే చిన్న రసాయనాణువు నాడి కొస నుంచి వెలువడి కాలి కండరాన్ని చేరితే, ఆ కండరం సెకనులో కొన్ని వేలవంతుల వ్యవధిలోనే సంకోచించడం మొదలుపెడుతుంది. అదే అణువు గుండెను చేరితే గుండె కొట్టుకొనే వేగం తగ్గుతుంది. లాలాజల గ్రంథిని చేరితే నోట నీరూరుతుంది. మూడుచోట్లా రసాయనం ఒకటే, దాని నిర్మాణంలో రవ్వంత తేడా లేదు. ఫలితాల్లో ఇంత వైరుధ్యం ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దపు నాడీశాస్త్రం ఇచ్చిన సమాధానం స్పష్టమైనది: నాడీ సందేశం ఎలాంటి ఫలితమివ్వాలో నిర్ణయించేది దానిని అందుకొనే కణమే, ఆ కణం తన పైపొరలో అమర్చుకొన్న ప్రోటీన్లే. సామాన్య పాఠకుల కోసం రాసే రచనల్లో డోపమైన్, సెరటోనిన్ వంటి పేర్లు విరివిగా కనిపిస్తాయి గాని, డోపమైన్ అంటే ఆనందమనీ సెరటోనిన్ అంటే ప్రశాంతత అనీ ఒక్కో అణువుకు ఒక్కో భావాన్ని అంటగట్టే ధోరణి ఈ అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. పంపిన రసాయనం పేరు తెలిసినంత మాత్రాన నాడీ వ్యవస్థ పనితీరు బోధపడదు. అది చేరిన చోట ఏం జరుగుతుందో తెలిసినప్పుడే ఒక మందు ఎందుకు పనిచేస్తుందో, ఒక విషం ఎందుకు చంపుతుందో అర్థమవుతుంది.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. కేంద్రకం ఉండే కణదేహం, దాని నుంచి శాఖోపశాఖలుగా విస్తరించి సందేశాలను అందుకొనే డెండ్రైట్లు, సందేశాన్ని మరో కణానికి మోసుకుపోయే ఆక్సాన్ అనే పొడవాటి తంతువు సాధారణంగా ప్రతి నాడీకణంలోనూ కనిపించే భాగాలు. ఆక్సాన్ వెంట ప్రయాణించేది విద్యుత్ సంకేతమే అయినా, ఆ తంతువు కొస చాలాచోట్ల తరువాతి కణాన్ని తాకదు. రెండింటి మధ్య 20 నుంచి 40 నానోమీటర్ల ఎడం, అంటే తలవెంట్రుక మందాన్ని రెండు మూడు వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఖాళీ, మిగిలి ఉంటుంది. ఈ ఎడంతో కూడిన కూడలినే నాడీకణసంధి లేదా సినాప్స్ అంటారు. స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రామోన్ ఇ కహాల్ పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో మెదడు కణజాలానికి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో పరిశీలించి, నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వల కాదనీ, విడివిడిగా నిలిచిన కణాలనీ వాదించాడు. ఆ రంగు పద్ధతిని కనిపెట్టిన ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ మాత్రం ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. అయినా 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. సినాప్స్ అన్న పేరును అంతకుముందే, 1897లో, బ్రిటిష్ శాస్త్రవేత్త చార్ల్స్ షెరింగ్టన్ వాడుకలోకి తెచ్చాడు.

కణాలు విడివిడిగా ఉంటే సంకేతం ఆ ఎడాన్ని ఎలా దాటుతుందన్న వివాదం తరువాతి యాభై ఏళ్లపాటు సాగింది. విద్యుత్తే నేరుగా దూకుతుందని ఒక వర్గం, రసాయనం మధ్యవర్తిగా పనిచేస్తుందని మరో వర్గం పట్టుబట్టాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవి 1921లో చేసిన ప్రయోగం రసాయనవాదానికి తొలి గట్టి ఆధారం. గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడితో సహా ఒక కప్ప గుండెను వేరుచేసి, ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకొనేలా ఉంచి, ఆ నాడిని ప్రేరేపించి, గుండె నెమ్మదించిన తరువాత దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి మరో కప్ప గుండెకు అందిస్తే, ఏ నాడీ ప్రేరణా లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. ద్రావణంలోకి ఏదో రసాయనం వెలువడిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అది ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. లండన్‌లో హెన్రీ డేల్ బృందం కాలు చేతుల కండరాలకు వెళ్లే నాడుల కొసల నుంచి కూడా ఇదే రసాయనం వెలువడుతున్నదని చూపింది. లోవి, డేల్ 1936లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

గుండెను నెమ్మదింపజేసేదీ కండరాన్ని కదిలించేదీ ఒకే పదార్థమని తేలడంతో దృష్టి సహజంగానే అందుకొనే కణం వైపు మళ్లవలసి వచ్చింది. నిజానికి ఆ దారిని చాలా ముందే ఇద్దరు తెరిచారు. ఫ్రాన్స్‌లో క్లోద్ బెర్నార్ 1850ల నాటికే, దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే క్యురారే విషాన్ని కప్పలపై పరీక్షించాడు. విషం ఎక్కిన కప్పలో నాడిని ఎంత ప్రేరేపించినా కండరం కదలలేదు. కండరానికే నేరుగా విద్యుత్తు తగిలిస్తే మాత్రం ముడుచుకొన్నది. నాడికీ కండరానికీ మధ్య మాత్రమే విషం పనిచేస్తున్నదన్నమాట. కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ 1905లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. నాడిని కోసివేసి, దాని కొసలు పూర్తిగా క్షీణించేదాకా ఆగిన తరువాత కూడా కోడి కండరం నికోటిన్‌కు స్పందించి ముడుచుకొన్నది. క్యురారే ఇస్తే ఆ బిగువు వదిలింది. నాడి కొసే లేని చోట రెండు రసాయనాలూ ఒకదానికొకటి పోటీగా పనిచేస్తున్నాయంటే, అవి కుదురుకొనే ఒక ప్రత్యేక పదార్థం కండరంలోనే ఉండి ఉండాలని లాంగ్లీ తర్కించాడు. కళ్లతో చూసే మార్గం లేని కాలంలో, కేవలం ప్రయోగ ఫలితాల నుంచి ఇంత సరైన నిర్ణయానికి రావడం శాస్త్ర చరిత్రలో అరుదైన విషయం. ఆ ఊహించిన పదార్థాన్నే ఇప్పుడు గ్రాహకం అంటున్నారు. గ్రాహకమంటే కణత్వచంలో, అంటే కణం పైపొరలో, ఇమిడి ఉండి, వెలుపలి నుంచి వచ్చిన నిర్దిష్ట రసాయనాన్ని పట్టుకొని, కణంలో మార్పు తెచ్చే ప్రోటీన్.

ఆ ప్రోటీన్‌ను కణజాలం నుంచి వేరుచేసి చేతికి తెచ్చుకోవడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. మామూలు కండరంలో అది నాడి ఆనుకొనే కొద్దిపాటి స్థలంలోనే ఉండటంవల్ల మొత్తంమీద దాని పరిమాణం చాలా తక్కువ. విద్యుదాఘాతంతో వేటాడే చేపలు ఈ ఇబ్బందిని తీర్చాయి. వాటి విద్యుదవయవం పరిణామక్రమంలో కండరం నుంచే ఏర్పడింది గనుక అందులో ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలు అపారంగా ఉంటాయి. ఇక గ్రాహకాన్ని గుర్తుపట్టి పట్టుకొనే సాధనం పాము విషంలో దొరికింది. తైవాన్‌లో సి.సి.చాంగ్, సి.వై.లీ 1963లో అక్కడి కట్లపాము జాతి విషం నుంచి బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అందులో ఆల్ఫా రకం ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికి అంటుకొంటే దాదాపుగా విడిపోదు. అది అంటుకొన్న ప్రోటీన్‌ను వెతికి తీస్తే అదే గ్రాహకం. పారిస్‌లో జాఁ పియేర్ షాంజో, లీతో కలిసి 1970లో ఈ మార్గంలోనే విద్యుత్ ఈల్ చేప నుంచి గ్రాహకాన్ని గుర్తించాడు.

కండరంలోని ఈ గ్రాహకం అయిదు ప్రోటీన్ ఉపభాగాలు వలయంగా కూడి ఏర్పడింది. వలయం నడుమ సన్నని రంధ్రం కణత్వచాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటి ఉంటుంది. మామూలు స్థితిలో ఆ రంధ్రం మూసి ఉంటుంది. రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులు వలయం వెలుపలి భాగంలో తమకు తగిన రెండు చోట్ల కుదురుకొనగానే ఉపభాగాలు కొద్దిగా మెలితిరిగి రంధ్రం తెరుచుకొంటుంది. అయాన్లు, అంటే విద్యుదావేశం గల పరమాణువులు, అప్పుడు దానిగుండా ప్రవహిస్తాయి. విశ్రాంతిలో ఉన్న కణం లోపలి వైపు వెలుపలితో పోలిస్తే రుణావేశంతో ఉంటుంది. ఆ తేడా నాడీకణాల్లో సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు, కండరకణాల్లో మైనస్ 90 వరకు ఉంటుంది. సోడియం అయాన్లు ధనావేశం గలవి, పైగా కణం వెలుపలే ఎక్కువగా ఉంటాయి. కనుక దారి దొరకగానే అవి వేగంగా లోపలికి వస్తాయి, లోపలి రుణావేశం తగ్గుతుంది. ఒక్క గ్రాహకం తెరిచి ఉండేది సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యోవంతు. ఆ కొద్ది వ్యవధిలోనే పదివేలకు పైగా సోడియం అయాన్లు దాని గుండా లోపలికి చేరతాయి. రసాయన సందేశం తిరిగి విద్యుత్ సందేశంగా మారే ఘట్టం ఇదే.

జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో, మొన దగ్గర మైక్రోమీటరు ప్రమాణంలో ఉండే గాజు గొట్టాన్ని కణత్వచానికి ఆనించి, ఒకే ఒక గ్రాహకం తెరుచుకొని మూసుకొనేటప్పుడు ప్రవహించే విద్యుత్తును కొలిచారు. వారు ఎంచుకొన్నది నాడిని తొలగించిన కప్ప కండరం కావడంలో ఒక విశేషం ఉంది. నాడి కోల్పోయిన కండరం తన గ్రాహకాలను పాత కూడలికే పరిమితం చేయకుండా పైపొర అంతటా పరుస్తుంది. సందేశం రావడం ఆగిపోయిన కొద్దీ దానిని పట్టుకొనే ఏర్పాట్లను పెంచుకొంటుంది. అందుకొనే కణం ఎంత చురుకైన పాత్ర వహిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణే చాలు. నేహెర్, సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ బహుమతి లభించింది.

కండరంలో సందేశం దాదాపు ఎన్నడూ విఫలం కాదు. నాడి కొసలో ఎసిటైల్‌కోలిన్ చిన్నచిన్న తిత్తుల్లో నిలవ ఉంటుందనీ, ఒక్కో తిత్తిలో వేలకొద్దీ అణువులు ఉంటాయనీ, నాడి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు ఒక్కో తిత్తి దానంతటదే విచ్చుకొని కండరంలో అర మిల్లీవోల్టు ప్రమాణంలో మార్పు తెస్తుందనీ లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్, పాల్ ఫాట్ 1950 తరువాతి సంవత్సరాల్లో కనుగొన్నారు. కప్ప కండరంలో ఒక నాడీ సంకేతానికి ఒక్కసారిగా సుమారు 200 తిత్తులు విచ్చుకొంటాయి. కండరం సంకోచించడానికి అవసరమైన దానికన్నా ఇది చాలా ఎక్కువ. శరీరం కదలికల విషయంలో ఎలాంటి సందిగ్ధానికీ తావివ్వదు.

మెదడు, వెన్నుపాములలో పరిస్థితి పూర్తిగా వేరు. కండరాలను నడిపే ఒక్కో వెన్నుపాము నాడీకణం పైన సుమారు పదివేల నాడీకణసంధులు ఉంటాయి; చిన్నమెదడులోని పుర్కిన్యే కణాల మీద ఆ సంఖ్య లక్ష దాటుతుంది. వాటిలో ఏ ఒక్క కూడలి నుంచి వచ్చిన సందేశమైనా కణం విద్యుత్ స్థితిని మార్చేది చాలావరకు ఒక మిల్లీవోల్టుకన్నా తక్కువే. కణం తనవంతుగా ఆక్సాన్ వెంట సంకేతాన్ని పంపాలంటే లోపలి రుణావేశం మైనస్ 70 మిల్లీవోల్టుల నుంచి సుమారు మైనస్ 55 దాకా తగ్గాలి. ఈ కనీస మట్టాన్ని ప్రేరణ అవధి అంటారు. ఒక కూడలి సందేశం అందుకు ఏమాత్రం చాలదు. పైగా ప్రతి మార్పూ కొన్ని మిల్లీసెకన్లలో కరిగిపోతుంది. అడుగున సన్నని చిల్లి ఉన్న కుండలోకి చుక్కచుక్కగా నీరు పడుతుంటే, చుక్కలు వెంటవెంటనే పడినప్పుడో పలుచోట్ల నుంచి ఒకేసారి పడినప్పుడో తప్ప కుండ నిండనట్లే, సందేశాలు ఒకే కూడలి నుంచి త్వరత్వరగా వచ్చినప్పుడు గాని, అనేక కూడళ్ల నుంచి దాదాపు ఒకే సమయంలో వచ్చినప్పుడు గాని తప్ప కణం ప్రేరణ అవధిని అందుకోలేదు. మొదటిదాన్ని కాలపరమైన సంకలనం అనీ, రెండోదాన్ని స్థలపరమైన సంకలనం అనీ అంటారు. వేల సందేశాలను కూడి, తీసివేసి, పంపాలా వద్దా అని తేల్చే చోటు ఆక్సాన్ మొదలయ్యే భాగం. ప్రేరణ అవధి అక్కడే అన్నింటికన్నా తక్కువగా ఉంటుంది.

తీసివేత అన్న మాట పైన వచ్చింది. అందుకొనే కణాన్ని ఉత్తేజపరిచే సందేశాలతో పాటు అణచే సందేశాలూ ఉంటాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో జాన్ ఎక్లిస్ 1951లో పిల్లి వెన్నుపాములోని నాడీకణం లోపలికి సన్నని గాజు ఎలక్ట్రోడ్‌ను చొప్పించి ఈ అణచివేతను కొలిచాడు. ఆయన అప్పటివరకు విద్యుత్ వాదానికి పెద్ద దిక్కు. న్యూజిలాండ్‌లోనే కొంతకాలం బోధించిన తత్త్వవేత్త కార్ల్ పాపర్ సలహా మేరకు తన సిద్ధాంతాన్ని, ప్రయోగం తప్పని నిరూపించడానికి వీలుండేంత నిర్దిష్టంగా రాసుకొన్నాడు. ఆ సిద్ధాంతం ప్రకారం కణం లోపల ధనావేశం వైపు మార్పు కనిపించవలసి ఉండగా, కొలతలో లోపలి రుణావేశం ఇంకా పెరిగింది. ఎక్లిస్ ఏళ్ల తరబడి సమర్థించిన వాదాన్ని వదిలి రసాయనవాదాన్ని స్వీకరించాడు. 1963లో నోబెల్ బహుమతి పొందాడు. శాస్త్రజ్ఞులు ఇలా ప్రవర్తించాలని అందరూ అంటారు. ఎక్లిస్ చేసి చూపించాడు. అయితే విద్యుత్తు నేరుగా దాటే నాడీకణసంధులు కూడా కొన్ని ఉన్నాయని ఆ తరువాత రుజువైంది గనుక పాత వాదం పూర్తిగా వృథా కాలేదు.

మెదడులో అణచివేతకు ప్రధానంగా వాడే రసాయనం గాబా. వెన్నుపాములో దానితోపాటు గ్లైసీన్ కూడా ఆ పని చేస్తుంది. వీటి వేగవంతమైన గ్రాహకాలు కూడా అయిదు ఉపభాగాల వలయాలే, ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికి దగ్గరి బంధువులే. కాకపోతే వాటి రంధ్రం ప్రధానంగా రుణావేశంగల క్లోరైడ్ అయాన్లను పోనిస్తుంది. క్లోరైడ్ లోపలికి వస్తే కణం ప్రేరణ అవధికి దూరమవుతుంది. ఆవేశంలో చెప్పుకోదగ్గ మార్పు రాకపోయినా, తెరిచి ఉన్న ఆ రంధ్రాల వల్ల ఉత్తేజక సందేశాల ప్రభావం పలచబడుతుంది. డయజిపామ్ వంటి మందులు గాబా గ్రాహకంలో వేరొకచోట కుదురుకొని, గాబా వచ్చినప్పుడు రంధ్రం తరచుగా తెరుచుకొనేలా చేస్తాయి. ఆందోళనను, మూర్ఛను తగ్గించే వాటి గుణం ఇందులోనే ఉంది. ఇక్కడ కూడా తుదిమాట కణానిదే. ఇంకా ఎదుగుతున్న మెదడులోని నాడీకణాల లోపల క్లోరైడ్ సాంద్రత ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అదే గాబా, అదే గ్రాహకాన్ని తెరిచినా, క్లోరైడ్ బయటికి పోయి కణం ప్రేరణ అవధి వైపు జరుగుతుంది. కణం తన లోపలి అయాన్ల నిల్వను మార్చుకొనే కొద్దీ గాబా అణచివేసే రసాయనంగా మారుతుంది.

అణచివేత లేకపోతే ఏమవుతుందో విషముష్టి గింజలు చెబుతాయి. తూర్పు కనుమల అడవుల్లోనూ పెరిగే ఆ చెట్టు గింజల్లోని స్ట్రిక్నిన్, గ్లైసీన్ గ్రాహకాన్ని అడ్డుకొంటుంది. వెన్నుపాములోని నాడీకణాలకు ఆపే సందేశం అందకపోవడంతో చిన్న చప్పుడుకే శరీరంలోని కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకొంటాయి, వెన్ను విల్లులా వంగుతుంది. ధనుర్వాతంలోనూ ఇవే లక్షణాలు కనిపించడానికి కారణం ఆ రోగకారక సూక్ష్మజీవి విషం గ్లైసీన్, గాబాలను పంపే కణం కొసలోనే విడుదలను ఆపివేయడం. ఒకచోట పంపడం ఆగింది, మరోచోట అందుకోవడం ఆగింది. రోగి శరీరంలో కనిపించే దృశ్యం మాత్రం ఒకటే.

ఇంతవరకు చెప్పిన గ్రాహకాలన్నింటిలో రసాయనాన్ని పట్టుకొనేదీ రంధ్రంగా తెరుచుకొనేదీ ఒకే ప్రోటీన్, అందుకే వాటి పని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. రెండో వర్గం గ్రాహకాల్లో రంధ్రమే ఉండదు. రసాయనం కుదురుకొన్నప్పుడు అవి కణం లోపలివైపు ఆనుకొని ఉన్న జి ప్రోటీన్ అనే మరో ప్రోటీన్‌ను చైతన్యపరుస్తాయి. ఆ ప్రోటీన్ భాగాలు విడిపోయి వేరే రంధ్రాలను తెరవడమో, ఎంజైములను పనికి పురికొల్పడమో చేస్తాయి. లోవి కప్ప గుండెలో జరిగింది ఇదే. గుండెలోని ఎసిటైల్‌కోలిన్ గ్రాహకం రెండో వర్గానికి చెందినది. దానినుంచి విడివడిన జి ప్రోటీన్ భాగం పొటాషియం రంధ్రాలను తెరుస్తుంది, పొటాషియం బయటికి పోయి కణంలో రుణావేశం పెరుగుతుంది, తరువాతి స్పందన ఆలస్యమవుతుంది. కండరంలోని గ్రాహకం నికోటిన్‌కు కూడా స్పందిస్తే, గుండెలోనిది కొన్ని పుట్టగొడుగుల్లో దొరికే మస్కరిన్‌కు స్పందిస్తుంది. ఈ రెండు రకాల చర్యల మధ్య తేడాను డేల్ 1914లోనే గుర్తించాడు. ఊరి పొలిమేరల్లో పెరిగే ఉమ్మెత్తలోని అట్రోపిన్, దాని జాతి రసాయనాలు మస్కరినిక్ గ్రాహకాలను మాత్రమే అడ్డుకొంటాయి. ఉమ్మెత్త తిన్న మనిషికి నోరు ఎండిపోవడం, కంటిపాపలు విచ్చుకోవడం, గుండె దడదడలాడటం, మతి తప్పి మాట్లాడటం కనిపిస్తాయి గాని, ఆ రసాయనాలు కాలు చేతుల కండరాలను క్యురారేలా చచ్చుబరచకపోవడానికి కారణం ఇదే.

ఈ రెండో మార్గం నెమ్మదైనది, కాని విస్తారమైనది. కొన్నిచోట్ల జి ప్రోటీన్ ప్రేరేపించే ఎంజైము, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుల నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి మరోవైపు విడివిడిగా కనుగొన్నారు. నాడీకణసంధి కథలో ఒక తెలుగువాడి పరిశోధనా ఫలం ఇలా చోటు చేసుకొన్నది. ఒక్క గ్రాహకం చైతన్యమైతే అనేక జి ప్రోటీన్లు, ఒక్కో ఎంజైము నుంచి అనేక సైక్లిక్ ఏఎంపీ అణువులు పుడతాయి. అవి ఇతర ఎంజైములను కదిలించి, రంధ్రాల స్వభావాన్ని మార్చి, చివరికి కేంద్రకంలోని జన్యువుల పనిని కూడా ప్రభావితం చేయగలవు. డోపమైన్ గ్రాహకాలన్నీ ఈ వర్గానివే. వాటిలో ఒక రకం సైక్లిక్ ఏఎంపీని పెంచితే మరో రకం తగ్గిస్తుంది. డోపమైన్‌కు ఏదో ఒకే ఫలితాన్ని ఆపాదించడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

గ్లూటమేట్ మెదడులో ప్రధానమైన ఉత్తేజక రసాయనం. దానిని అందుకొనే గ్రాహకాల్లో ఎన్ఎండీఏ అనే రకం ప్రత్యేకమైనది. గ్లూటమేట్ పట్టుకొన్నంత మాత్రాన దానిగుండా ప్రవాహం సాగదు, ఎందుకంటే విశ్రాంతి స్థితిలో దాని రంధ్రంలో మెగ్నీషియం అయాన్ అడ్డుపడి ఉంటుంది. 1984లో ఫ్రాన్స్, అమెరికాలలోని రెండు బృందాలు దీన్ని కనుగొన్నాయి. పక్కనే ఉన్న ఆంపా అనే మరో రకం గ్లూటమేట్ గ్రాహకాలు కణాన్ని ముందే తగినంత ఉత్తేజపరిచి ఉంటేనే మెగ్నీషియం తొలగుతుంది. సందేశం రావడం, అందుకొనే కణం అప్పటికే ఉత్తేజితమై ఉండటం, ఈ రెండూ ఒకేసారి జరిగినప్పుడు మాత్రమే ఎన్ఎండీఏ గ్రాహకం గుండా క్యాల్షియం లోపలికి వస్తుంది. ఆ క్యాల్షియం ప్రేరణతో కణం ఆ కూడలిలోకి మరిన్ని ఆంపా గ్రాహకాలను చేర్చుకొంటుంది; తరువాతిసారి అంతే గ్లూటమేట్‌కు మరింత బలంగా స్పందిస్తుంది. ఇలా కూడలి బలపడి గంటల తరబడి నిలిచిపోవడాన్ని ఓస్లోలో కుందేళ్ల మెదడుపై పనిచేసిన టిమ్ బ్లిస్, టెర్యె లోమో 1973లో ప్రకటించారు. నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ కణస్థాయిలో ఉన్న ఆధారాల్లో ఇది ముఖ్యమైనదని నాడీశాస్త్రం భావిస్తున్నది.

సందేశాన్ని అందుకోవడం ఎంత అవసరమో, దానిని సకాలంలో ముగించడమూ అంతే అవసరం. గ్లూటమేట్, గాబా, డోపమైన్ వంటివాటిని చుట్టుపక్కల కణాలు తిరిగి లోపలికి పీల్చుకొంటాయి. ఎసిటైల్‌కోలిన్‌ను మాత్రం కూడలిలోనే ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము విరగగొడుతుంది. ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేలకొద్దీ ఎసిటైల్‌కోలిన్ అణువులను విచ్ఛిన్నం చేయగలదు. తెలుగునాట పొలాల్లో వాడే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి ఈ ఎంజైమునే పనిచేయకుండా చేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోవడంతో గుండె, గ్రంథులు, ఊపిరితిత్తుల నాళాలు అతిగా స్పందించి నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో స్రావాలు, నెమ్మదించిన గుండె కనిపిస్తాయి. కండరాల్లోనైతే ముందు అదురు పుట్టి, తరువాత చచ్చుదనం వస్తుంది. విడువకుండా రసాయనం తగులుతూ ఉంటే గ్రాహకాలు దానిని పట్టుకొనే ఉండి కూడా తెరుచుకోవడం మానేస్తాయి. కాట్జ్, స్టీఫెన్ థెస్లెఫ్ 1957లో వివరించిన ఈ స్థితి అందుకొనే కణం చేతిలో ఉన్న మరో అధికారం. ముఖానికి గుడ్డ కట్టుకోకుండా, చేతికి తొడుగు లేకుండా మందు చల్లే కూలీల ఒంట్లోకి కూడా ఈ విషం చర్మం గుండా చేరుతుందన్న సంగతికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదు. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్, ఉమ్మెత్తలో ఉన్న అదే రసాయనం, మస్కరినిక్ గ్రాహకాలను కాపాడుతుంది గాని కండరాల్లోని నికోటినిక్ గ్రాహకాలను ముట్టదు. అందుకే స్రావాలు తగ్గి గుండె కుదుటపడిన రోగికి కూడా ఊపిరి తీసుకొనే కండరాలు తేరుకొనేదాకా వెంటిలేటర్ అవసరం కావచ్చు.

పాముకాటు వైద్యంలోనూ ఇదే జ్ఞానం అక్కరకు వస్తుంది. నాగుపాము విషంలోని నాడీవిషాలు ఎక్కువగా అందుకొనే వైపు పనిచేస్తాయి. కండరంలోని ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను ఆక్రమిస్తాయి. అక్కడ ఎంజైమును తాత్కాలికంగా ఆపే నియోస్టిగ్మిన్ ఇచ్చి ఎసిటైల్‌కోలిన్‌ను పెంచితే, మిగిలిన గ్రాహకాల ద్వారా కండరం కొంత శక్తి పుంజుకొంటుంది. గుండె మీద దుష్ఫలితం రాకుండా తోడుగా అట్రోపిన్ ఇస్తారు. రాత్రివేళ నేలమీద పడుకొన్నవారిని పెద్దగా నొప్పి తెలియకుండానే కాటేసే కట్లపాము విషంలో, గ్రాహకాలను ఆక్రమించేవాటితోపాటు పంపే నాడి కొసనే ధ్వంసం చేసే పదార్థాలుంటాయి. వెలువడవలసిన ఎసిటైల్‌కోలినే లేనప్పుడు నియోస్టిగ్మిన్ పెంచేదేమీ ఉండదు. కొసలు తిరిగి మొలిచేదాకా, రోజుల తరబడి, కృత్రిమ శ్వాసే ఆధారం. రెప్పలు వాలిపోవడం రెండింటిలోనూ తొలి గుర్తే, విషానికి విరుగుడు సీరం రెండింటిలోనూ వీలైనంత త్వరగా అందవలసిందే.

రెప్పలు వాలిపోవడమే తొలి లక్షణంగా, ఏ విషమూ లేకుండా వచ్చే జబ్బు మయస్తీనియా గ్రేవిస్. 1934లో గ్రీనిచ్‌లోని ఒక ఆసుపత్రిలో వైద్యురాలు మేరీ వాకర్, ఈ జబ్బు క్యురారే విషప్రభావాన్ని పోలి ఉన్నదని గమనించి, క్యురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను రోగికి ఇచ్చి తాత్కాలికంగా శక్తి తిరిగి రావడం చూపింది. కారణం 1973లో తేలింది. జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ విద్యుత్ ఈల్ గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కించి ప్రతిరక్షకాలను తయారుచేయబోతే, ఆ ప్రతిరక్షకాలు కుందేళ్ల సొంత గ్రాహకాలపైనే దాడి చేసి వాటిని బలహీనపరిచాయి. మయస్తీనియా రోగుల్లోనూ శరీర రక్షణ వ్యవస్థే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను తొలగిస్తున్నది. నాడి పంపుతున్న రసాయనంలో లోటేమీ లేదు, పట్టుకొనేవే తగ్గిపోయాయి. నేటికీ పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, రక్షణ వ్యవస్థను నెమ్మదింపజేసే మందులు ఈ రోగులకు మామూలు జీవితాన్ని సాధ్యం చేస్తున్నాయి.

మెదడులో దీనికి తోబుట్టువు వంటి జబ్బును జోసెప్ డాల్మావ్ బృందం 2007లో వర్ణించింది. అందులో ప్రతిరక్షకాలు ఎన్ఎండీఏ గ్రాహకాలను పట్టుకొని, కణం వాటిని పైపొర నుంచి లోపలికి లాక్కొనేలా చేస్తాయి. ఎక్కువగా యువతుల్లో కనిపించే ఈ జబ్బు భ్రమలు, విపరీత ప్రవర్తన, మాట పడిపోవడం, మూర్ఛలతో మొదలవుతుంది గనుక మానసిక వ్యాధిగా పొరబడి విలువైన సమయం పోగొట్టుకోవడం జరుగుతుంది. కొందరిలో అండాశయంలోని కణితి ఇందుకు మూలం. కణితిని తొలగించి, ప్రతిరక్షకాలను తగ్గించే చికిత్స చేస్తే కణాలు గ్రాహకాలను మళ్లీ పైపొరకు చేరుస్తాయి. చాలామంది రోగులు నెలల కాలంలో క్రమంగా కోలుకొంటారు, చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఆ అవకాశం అంత మెరుగ్గా ఉంటుంది.